తోటి విద్యార్థి ప్రెజెంటేషన్‌లో తప్పులు కనబడితే: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన స్లైడ్లు ఒకటికి రెండుసార్లు చూశాను. మీ క్లాసబ్బాయి వచ్చే వారం మెదడు మీద ప్రెజెంటేషన్ ఇస్తున్నాడు, అది అయ్యాక లేచి విమర్శ చెప్పే పని మీ సార్ నీకు అప్పగించారు, తీరా చూస్తే స్లైడ్లలో తప్పులున్నాయి. "అందరి ముందూ చెబితే చిన్నబుచ్చుకుంటాడు, ఊరుకుంటే నాకే తెలీదనుకుంటారు, ఏం చెయ్యను అత్తయ్యా?" అని అడిగావు. ఏళ్ల తరబడి పిల్లల చేత సెమినార్లు ఇప్పించినదాన్ని, ఆ తర్వాత వాళ్లలో వాళ్లు అనుకునే మాటలు కూడా విన్నదాన్ని. నాకు తోచింది రాస్తున్నాను.

స్లైడ్లు నీ చేతికి ముందే వచ్చాయి కదా, అయితే తప్పుల సంగతి అతనికి ముందే చెప్పెయ్యి. సెమినార్ రోజు దాకా దాచకు. "మరి ఆ రోజు నేను మాట్లాడ్డానికి ఏం మిగులుతుంది?" అని నీ మనసులో మెదులుతుందని నాకు తెలుసు. ఎదుటివాడి తప్పుని మూటగట్టి ఉంచుకుని, పదిమందిలో విప్పి పేరు కొట్టెయ్యాలన్న యావ చదువుకున్నవాళ్లకి మరీ ఎక్కువ. పెద్దపెద్దవాళ్లే దానికి లొంగిపోయారు.

1935 జనవరిలో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ తన లెక్కలు వినిపించాడు. ఒక హద్దు దాటిన ద్రవ్యరాశి ఉంటే నక్షత్రం చివరి దశలో శ్వేత కుబ్జ తారగా, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన చిన్న తారగా స్థిరపడలేదని వాటి సారం. అప్పటికి ఆయన వయసు 24. ఖగోళశాస్త్రంలో మహా పేరున్న ఆర్థర్ ఎడింగ్టన్ అంతకు ముందు ఎన్నోసార్లు ఆయనతో కూర్చుని ఆ పని గురించి ముచ్చటించినవాడే. తనకు అభ్యంతరం ఉందని మాత్రం బయటపడలేదు. చంద్రశేఖర్ చెప్పడం అయిపోగానే లేచి, ఆ ఫలితాన్ని వెటకారం చేసి కొట్టిపారేశాడు. సభ నవ్వింది. చివరికి నిలబడింది చంద్రశేఖర్ లెక్కే. ఆయనకి 1983లో నోబెల్ వచ్చింది. ఎడింగ్టన్ పొరబడ్డాడన్నది అలా ఉంచు. ఒకవేళ ఆయన మాటే నిజమై ఉన్నా, అన్నాళ్లూ ఎదురుగా కూర్చుని నోరు మెదపకపోవడం నాకు నచ్చదు.

కాబట్టి ఆ అబ్బాయికి మెసేజ్ పెట్టు. క్లాసు గ్రూపులో వద్దు, అతనికి ఒక్కడికే. "నీ స్లైడ్లు చదివాను. ఐదో స్లైడులో మనం మెదడులో 10 శాతమే వాడతామన్న మాట సరికాదనుకుంటున్నా. నేను చదివింది పంపుతున్నా, ఒకసారి చూడు" అంటే చాలు. నవ్వుముఖాల బొమ్మలు అక్కర్లేదు, క్షమాపణలు కూడా అక్కర్లేదు. నువ్వేం నేరం చెయ్యట్లేదు.

అయితే అంతకంటే ముందు చెయ్యాల్సిన పని ఇంకోటుంది. నీ సవరణ సరైనదేనా? తప్పుని పట్టుకున్న ఉత్సాహంలో చాలామంది ఇది మర్చిపోతారు. పాలకూరలో ఇనుము మరీ ఎక్కువన్న నమ్మకం ఎలా పుట్టిందో చెబుతూ ఓ కథ తిరుగుతుంటుంది. 19వ శతాబ్దంలో ఓ శాస్త్రవేత్త దశాంశ బిందువు తప్పుగా పెట్టాడట, దాంతో అంకె పదింతలైందట. తప్పులు దిద్దేవాళ్లు ముచ్చటపడి చెప్పుకున్న కథ ఇది. 2010లో మైక్ సట్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు మూలాల దాకా వెళ్లి వెతికితే ఆ బిందువు కథకే ఆధారం దొరకలేదు. అంటే సవరణే ఓ పుకారు. ఫోన్‌లో మొదట కనబడిన జవాబు పట్టుకుని లేచి నిలబడితే నీ గతీ అంతే. కనీసం రెండుచోట్ల చూడు. ఆ రెండూ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి కాకూడదు.

ఇప్పుడు అతని స్లైడ్ల దగ్గరికొద్దాం. నువ్వు నాలుగు తప్పులనీ ఒకే గాటన కట్టి జాబితా రాశావు. నాకు మాత్రం అవి నాలుగూ నాలుగు రకాలుగా కనబడుతున్నాయి.

మెదడు బరువు 14 కిలోలని ఉంది చూడు, అది చెయ్యి జారడం. 1.4 కిలోలని అతనికీ తెలుసు. క్లాసులో దాన్ని ఎత్తావంటే నీకే చిన్నతనం. మెసేజ్‌లో ఓ మాట పడెయ్యి.

మెదడులో 10,000 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు ఉన్నాయన్నది ఇంకో రకం. పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఆ అంకే ఉండేది. 2009లో బ్రెజిల్‌లో సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం కొత్త పద్ధతిలో లెక్కించి సుమారు 8,600 కోట్లని తేల్చింది. అతను పాత పుస్తకం చూసి రాసుకున్నాడు, అంతే. అతను చెప్పే విషయానికి ఈ తేడా వల్ల వచ్చే నష్టమూ లేదు. దీన్ని తప్పు అనకు, "కొత్త లెక్క ఒకటుంది" అను. నిజం కూడా అదే.

ఎడమ మెదడు మనుషులు, కుడి మెదడు మనుషులు అన్న స్లైడు దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలి. అందులో కొంత నిజముంది. మెదడు రెండు సగాలనూ కలిపే నాడుల కట్ట తెగ్గోసిన రోగుల మీద రోజర్ స్పెర్రీ చేసిన పనికి 1981లో నోబెల్ వచ్చింది. కొన్ని పనుల్లో ఒక పక్క ముందుంటుందన్నది అబద్ధం కాదు. మనుషుల్నే రెండు జాతులుగా విడదీసి, వీళ్లు లెక్కలవాళ్లు, వాళ్లు కళాకారులు అనడం దగ్గరే పేచీ. 2013లో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు వెయ్యిమందికి పైగా మనుషుల మెదడు స్కాన్లు పరిశీలిస్తే, మొత్తంగా ఒక పక్కకే మొగ్గిన మెదళ్లు కనబడలేదు. "ఇదంతా బూటకం" అన్నావో, నువ్వే ఇంకో తప్పు చెప్పినట్టవుతుంది. ఎక్కడి దాకా నిజమో, ఎక్కడ హద్దు దాటిందో చూపించు.

అసలు చిక్కు ఐదో స్లైడుతోనే. మనం మెదడులో 10 శాతమే వాడతామన్న మాట మీదే అతని చివరి మూడు స్లైడ్లూ నిలబడి ఉన్నాయి. ఆ మాట తీసేస్తే "మిగతా 90 శాతం మేల్కొలిపే మార్గాలు" అన్న ముగింపు మొత్తం కూలిపోతుంది. పునాదిలో ఉన్న తప్పు ఇది. నీకు దొరికే రెండు నిమిషాలూ దీనికే ఖర్చుపెట్టు. మిగతావి కాగితం మీద రాసి అతని చేతికివ్వు. ఒకేసారి నాలుగు తప్పులు చదివితే వినేవాళ్లకి ఒక్కటీ గుర్తుండదు. ఆ అబ్బాయిని ఉతికి ఆరేశావని మాత్రం గుర్తుంటుంది.

నువ్వు చెప్పినా అతను మార్చకపోవచ్చు. మెసేజ్ చూసి ఊరుకోవచ్చు, "నాకు యూట్యూబ్‌లో అలాగే ఉంది" అనొచ్చు. అప్పుడు క్లాసులో చెప్పక తప్పదు. ఎందుకంటే ఆ మాట వింటున్నవాళ్లు ఇంకా ముప్పైమందో నలభైమందో ఉంటారు, వాళ్లు దాన్ని పరీక్షలో రాసుకుంటారు. మర్యాద అతనికి ఎంత చెల్లాలో వాళ్లకీ అంత చెల్లాలి.

చెప్పేటప్పుడు అతన్ని పూర్తిగా మాట్లాడనివ్వు. మధ్యలో తల అడ్డంగా ఊపడం, పక్కదాని చెవిలో గుసగుసలాడటం, స్లైడుకి ఫొటో తీసి స్నేహితులకి పంపడం లాంటివి చేస్తే ఆ తర్వాత ఎంత తియ్యగా మాట్లాడినా లాభం లేదు. మధ్యలో ఆపాల్సిన సందర్భం ఒక్కటే ఉంది, విన్నవాళ్లు వెంటనే చేసి దెబ్బతినే ప్రమాదం ఉన్నప్పుడు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలచన చెయ్యడానికి ఆమ్లంలో నీళ్లు పొయ్యమని ఎవరైనా చెబితే, మర్యాదలన్నీ పక్కనపెట్టి అక్కడే లేచి ఆపాలి. నీళ్లలోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పొయ్యాలి, తిరగేస్తే వేడికి మరిగి ముఖం మీదకి చిమ్ముతుంది. మెదడు శాతాలకి అంత తొందర లేదు.

తప్పుని ప్రశ్నలాగా అడిగితే మర్యాదగా ఉంటుందని చాలామంది చెబుతారు. నేనొప్పుకోను. జవాబు తెలిసి కూడా "ఈ 10 శాతం ఎక్కడ చదివావో చెప్తావా?" అని అమాయకంగా అడిగితే అది కోర్టులో ప్లీడరు వేసే ప్రశ్న. అతను బోనులో నిలబడి నీళ్లు నములుతుంటే క్లాసంతా చోద్యం చూస్తుంది. నీకు నిజంగా తెలియకపోతే అడుగు. తెలిస్తే తెలిసినట్టు సూటిగా చెప్పు. సూటిగా చెప్పడంలోనే ఎక్కువ గౌరవం ఉంది.

ఆ చెప్పడం కూడా అతని ప్రెజెంటేషన్‌లోంచే తీసి చెబితే ఇంకా బాగుంటుంది. మూడో స్లైడులో అతనే రాశాడు చూడు, శరీరం బరువులో మెదడు 2 శాతమే అయినా విశ్రాంతిలో శరీరం ఖర్చుచేసే శక్తిలో 20 శాతం దాకా అదే తీసుకుంటుందని. అది సరైన మాట. ఇలా అనొచ్చు:

"మూడో స్లైడులో నువ్వు చూపించిన శక్తి లెక్క నాకు బాగా నచ్చింది. ఆ లెక్కకీ ఐదో స్లైడుకీ పొసగడం లేదు. 90 శాతం ఖాళీగా ఉండే అవయవం మీద శరీరం అంత ఖర్చు పెట్టదు కదా. స్కాన్లు తీసినా దాదాపు అన్ని భాగాలూ ఏదో ఒక పనిలో కనబడుతున్నాయి. అందుకని 10 శాతం మాట నిలవదని నా అభిప్రాయం. కానీ సాధనతో మెదడు మారుతుందన్న నీ ముగింపుకి వేరే ఆధారం ఉంది."

ఆఖరి వాక్యం మర్చిపోకు. తప్పు తీసేసి వెళ్లిపోతే అతని చేతిలో చిరిగిన కాగితాలే మిగులుతాయి. దాని స్థానంలో ఏం పెట్టుకోవాలో చూపించు. 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం లండన్ టాక్సీ డ్రైవర్ల మెదళ్లు స్కాన్ చేసింది. ఊళ్లోని వీధులన్నీ కంఠస్థం చేసే ఆ డ్రైవర్లలో హిప్పోకాంపస్ (దారులూ జ్ఞాపకాలూ చూసుకునే మెదడు భాగం) వెనక భాగం మిగతావాళ్లకంటే పెద్దగా కనబడింది. అతని ఆఖరి స్లైడ్లకి ఇది చక్కగా అతుకుతుంది.

మెచ్చుకోలు సంగతి. ముందో పొగడ్త, వెనకో పొగడ్త పెట్టి మధ్యలో విమర్శ ఇరికించమని నేర్పుతుంటారు. పిల్లలు ఆ "కానీ" కోసమే ఎదురుచూస్తుంటారు, పొగడ్త చెవికెక్కదు. నిజంగా నచ్చింది ఉంటే, ఏది నచ్చిందో పేరుపెట్టి చెప్పు. లేకపోతే మానెయ్యి. అలాగే అతను కంగారులో తడబడిన మాటలు, ఉచ్చారణ, చొక్కా, ఇవేవీ వాస్తవ దోషాలు కావు. వాటి జోలికెళ్లకు.

అతను వాదనకి దిగితే నీ ఆధారం ఏదో ఇంకోసారి చెప్పి కూర్చో. మూడోసారి లేవకు. తేల్చడానికి సార్ ఉన్నారు. ఆయన తేల్చకపోయినా, అతనికి మార్కులు ఎక్కువేసినా, అది నీ పని కాదు. అతను నీకు తెలియని ఆధారం చూపిస్తే "ఇది నేను చూడలేదు, చదివి చెప్తాను" అను. ఆ మాట అనగలిగిన పిల్ల తర్వాత తప్పు పట్టినా ఎవరికీ కోపం రాదు.

ఇంకొకటి, ఇది నీకు రుచించదు. అతను నీ మెసేజ్ చూసి స్లైడ్లన్నీ సరిచేసుకుని వస్తే ప్రెజెంటేషన్ బ్రహ్మాండంగా ఉంటుంది, నీ సాయం సంగతి క్లాసులో ఎవరికీ తెలియదు. అతను చెబితే చెబుతాడు, లేకపోతే లేదు. నువ్వుగా చెప్పుకోకు. అప్పుడు మాట్లాడ్డానికి ఏం లేదని బెంగపడకు. టాక్సీ డ్రైవర్లకి సాధన వల్లే ఆ భాగం పెరిగిందా, లేక అది ముందే పెద్దగా ఉన్నవాళ్లే ఆ పనిలో నిలదొక్కుకున్నారా అన్న ప్రశ్న ఉంది. జవాబు తెలియకుండా అడిగే మంచి ప్రశ్న అది, దాన్ని నీ కోసం ఉంచుకో.

మెసేజ్ మాత్రం ఇవాళ రాత్రికే పెట్టు. మూడు స్లైడ్లు తిరగరాసుకోవాలంటే అతనికి రెండు రోజులైనా చేతిలో ఉండాలి. పంపేముందు నాకోసారి చూపించాలనిపిస్తే పంపు, పది దాకా మెలకువగానే ఉంటాను.

మీ అత్తయ్య