మా సంగీతం దుకాణాల్లో వినిపించాలంటే?

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవుల్లో వేణువు, వయొలిన్, గిటార్, కీబోర్డుతో సొంత బాణీలు రికార్డు చేస్తున్నాం. ఏ మ్యూజిక్ కంపెనీతోనూ ఒప్పందం లేదు. కాఫీ షాపుల్లో, బట్టల దుకాణాల్లో వేసుకోమని ఉచితంగా ఇస్తామన్నా యజమానులు ‘తర్వాత చూద్దాం’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: వాళ్లను వెనక్కి లాగుతున్నది నోటీసు భయం. దుకాణంలో పాట వేస్తే చట్టం దృష్టిలో అది ప్రజలకు వినిపించడమే. రికార్డింగు హక్కుల కోసం పీపీఎల్ అనే సంస్థ, పాట రాసినవారి, బాణీ కట్టినవారి తరఫున ఐపీఆర్ఎస్ అనే సంస్థ రుసుము అడుగుతాయి. కాబట్టి పెన్‌డ్రైవ్‌తో పాటు ఒక కాగితం కూడా పట్టుకెళ్లండి. బాణీలు మావే, వాయించింది మేమే, హక్కులు ఇంకెవరికీ ఇవ్వలేదు, ఫలానా దుకాణంలో ఫలానా తేదీ వరకు వినిపించుకోవచ్చు అని రాసి, నలుగురూ సంతకాలు పెట్టండి.

తేదీ, చోటు మాత్రం మరిచిపోవద్దు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం గడువు రాయని అనుమతిని 5 ఏళ్లకు, ప్రాంతం రాయనిదాన్ని దేశమంతటికీ ఇచ్చినట్టు లెక్కిస్తారు. చేతులారా అయిదేళ్లు ధారపోస్తారా? ఉచితమైతే మూడు నెలలు చాలు, ఆ తర్వాత నెలకు కొంత అడగండి. కాఫీ పొడికీ పూలకూ డబ్బిచ్చే యజమాని సంగీతానికీ ఇవ్వాలి. ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ.

మీలో ఎవరైనా ఐపీఆర్ఎస్ సభ్యులైతే ఈ హక్కులు ఇప్పటికే దానికి రాసిచ్చి ఉంటారు. సంతకం చేసేముందు అక్కడ అడగండి. త్యాగరాజ కృతి వాయిస్తే ఇబ్బంది లేదు, ఆయన 1847లోనే పరమపదించారు. అన్నమయ్య దగ్గర జాగ్రత్త. పదాలు పాతవే గానీ, ఇప్పుడు మనం వింటున్న బాణీల్లో చాలావరకు గత శతాబ్దంలో కట్టినవే. వాటికి హక్కుదారులు ఉండవచ్చు.

ఇక శబ్దం సంగతి. జయనగర్‌లో ఒక కాఫీ షాపుకు కొంతకాలం సంగీతం ఎంపిక చేసి ఇచ్చేదాన్ని. పైకప్పులో బిగించే చిన్న స్పీకర్లు చాలాచోట్ల మోనోలో, అంటే కుడి ఎడమల శబ్దాన్ని ఒకటిగా కలిపి, పనిచేస్తాయి. హెడ్‌ఫోన్లలో ఎంతో విశాలంగా వినిపించిన కీబోర్డు అక్కడ సగం మాయమవుతుంది. అందుకే మీ రికార్డింగును ముందే మోనోలో విని సరిచూసుకోండి. ఒక బాణీ నెమ్మదిగా మొదలై మధ్యలో ఒక్కసారిగా పెద్దదైతే కౌంటరులోని కుర్రవాడు వెంటనే శబ్దం తగ్గిస్తాడు, మళ్లీ పెంచడు. తర్వాత వచ్చే మీ వేణువంతా స్టీలు గ్లాసుల చప్పుడులో కలిసిపోతుంది. కాబట్టి బాణీలన్నీ ఒకే స్థాయిలో ఉంచండి.

మధ్యాహ్న భోజనాల రద్దీ తగ్గాక, మూడు గంటల వేళ వెళ్లి నేరుగా యజమానితోనే మాట్లాడండి. మీ బృందం పేరు, క్యూఆర్ కోడ్ ఉన్న చిన్న కార్డు కౌంటరు మీద పెట్టుకోనివ్వాలన్న షరతు కూడా ఆ కాగితంలోనే రాసి, యజమాని సంతకం తీసుకోండి.