వత్తుకు చోటు వదులు, అమ్మాయ్

చి. మేనకోడలికి ఆశీస్సులు.

పుస్తకం, ఆ ప్రచురణ సంస్థకు లోగో, ఆవిష్కరణ రోజు పెట్టే ప్రదర్శన, మూడూ నీకే అప్పజెప్పారని రాశావు. చాలా సంతోషం. మూడింటిలోనూ చిక్కు ఒక్కచోటే వస్తుంది. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. ఏ ఫాంటు ఎంచుకున్నా ముందు 'రాష్ట్రం', 'స్త్రీ', 'వాఙ్మయం' టైపు చేసి చూడు. వాటిలో నిలబడలేని ఫాంటు పుస్తకానికి పనికిరాదు.

పుస్తకం సైజు డెమీ 1/8, అంటే 5.5 × 8.5 అంగుళాలు. అక్షరం 11 పాయింట్లు పెడితే లైన్ల ఎడం, అంటే ఒక లైను పాదం నుంచి తర్వాతి లైను పాదం దాకా దూరం, 17 పాయింట్ల దగ్గర మొదలుపెట్టు. ఇంగ్లిష్ అలవాటు కొద్దీ 13 ఇస్తే పై లైను వత్తు కింది లైను గుడికి గుద్దుకుంటుంది. ఫాంటును బట్టి ఈ లెక్క మారుతుంది కనుక ఒక పేజీ ప్రింటు తీసి, అసలు సైజుకు కత్తిరించి, చేత్తో పట్టుకుని చదువు. తెర మీద చూసి తేల్చుకోకు.

రచయిత 'అను' అనే పాత, యూనికోడ్ కాని ఫాంట్లలో ఫైలు ఇస్తే, యూనికోడ్‌లోకి మార్చాక మళ్లీ మొదటినుంచీ ప్రూఫు చదివించాల్సిందే. మార్పిడిలో వత్తులు, కొటేషన్ గుర్తులు చెదిరిపోతాయి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని నాన్-జాయినర్ అనే, అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు ఒకటి ఉంటుంది. అది ఊడితే 'వ' కాస్తా 'ట' కింద వత్తయి కూర్చుంటుంది. ఇన్‌డిజైన్‌లో పేజీలు కట్టేటప్పుడు వరల్డ్-రెడీ కంపోజర్ అనే అమరిక పెట్టుకో, లేదంటే వత్తులు విడివిడిగా పడతాయి.

మన మాటలు పొడవు. రెండు అంచులూ సమం చేస్తే మధ్యలో గుంటలు పడతాయి. వాటిని పూడ్చడానికి అక్షరాల మధ్య ఎడం సాగదీయకు. అవసరమైతే మాట విరువు, కానీ కొత్త లైను పొల్లక్షరంతో మొదలుకాకుండా చూసుకో.

208 పేజీలంటే 16 పేజీల ఫారాలు (మడత పెట్టిన అచ్చు కాగితాలు) 13, ఆకులు 104. వెన్ను మందం అంచనా వేయకు. ప్రెస్సులో అదే కాగితంతో డమ్మీ, అంటే అచ్చులేని ఖాళీ పుస్తకం, కట్టించి కొలువు. 2 మిల్లీమీటర్లు తేడా వచ్చినా వెన్ను మీది పేరు అట్ట మీదికి జారుతుంది. అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు ఉంటుంది; లోపలి అచ్చు ఒక్క నలుపు ప్లేటు మీదే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే ప్లేటు వెంట్రుకవాసి కదిలినా చిన్న అక్షరాలకు నీడలు వస్తాయి. అట్టకు చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడు, అంటే కత్తిరింపులో పోయే అదనపు అంచు, మరవకు.

లోగోలో తెలుగు పేరును ఇంగ్లిష్ పెద్దక్షరాల ఎత్తుకు సరిపెట్టాలని చూస్తారు. అప్పుడు వత్తులు నలిగి తెలుగు చిన్నబోతుంది. వత్తును పక్కన పెట్టి, అసలు అక్షరం ఎత్తు మాత్రమే పోల్చు. వెన్ను మీద 8 మిల్లీమీటర్ల వెడల్పున ఒకే రంగులో అచ్చు తీసి చూడు. సున్నాల లోపలి ఖాళీలు పూడితే గీత పలచన చేయాలి.

ప్రదర్శనలో లేబుళ్ల మధ్యభాగం నేలనుంచి సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తున ఉండనివ్వు, అక్షరం 28 పాయింట్లకు తగ్గనివ్వకు. మెరిసే లామినేషన్ వద్దు, దీపం వెలుతురుకు చదవలేరు. వినైల్ అక్షరాలతో, అంటే అంటుకునే ప్లాస్టిక్ రేకులో కోసిన వాటితో, ఇంకా జాగ్రత్త. ప, స, హ లకు తలకట్టు విడిగా ఉంటుంది. అక్షరాల చుట్టూ మిగిలిన వ్యర్థపు రేకు పీకేటప్పుడు అది కూడా ఊడి వచ్చేస్తుంది. అంగుళం కంటే చిన్నవన్నీ బోర్డు మీద నేరుగా ప్రింటు చేయించు. పెద్దవి గోడకు అంటించే ముందు ప్రతి తలకట్టూ ప్రింటవుటుతో సరిచూసుకో, అక్షరాలను గోడకు చేర్చే టేపు తీశాక ఊడింది దొరకదు.

ఆశీస్సులతో,
మామయ్య