సైకిల్‌కి ఏవి కొనాలి?

ప్రశ్న: ఆఫీసుకి వెళ్లడానికి గేర్ల సైకిల్ కొన్నాను. షాపులో జెల్ సీటు కవరు, మొబైల్ హోల్డరు, ఇంకా ఏవేవో తీసుకోమంటున్నారు. నిజంగా పనికొచ్చేవి ఏవి? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వెనక ఎర్ర లైటు, మడ్‌గార్డులు తప్పనిసరి, లేకపోతే వానాకాలం బురదంతా వీపు మీదే. వాటికన్నా విలువైనది, నా లెక్కలో, మీటరున్న గాలి పంపు. టైరు పక్కన ఎన్ని పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాలో అచ్చేసి ఉంటుంది, ఆ హద్దుల్లో వారానికోసారి గాలి కొడితే తొక్కడం తేలికవుతుంది, గుంతల్లో ట్యూబు రిమ్ముకి నలిగి పంక్చరవడమూ తగ్గుతుంది. హోల్డరు మీ ఇష్టం. జెల్ కవరు మాత్రం వద్దండీ! దూరం వెళ్తే అది అణిగిపోయి, పిరుదుల ఎముకల మీద పడాల్సిన బరువు వాటి మధ్య మెత్తటి భాగం మీద పడి తిమ్మిరెక్కుతుంది. దాని బదులు సీటు ఎత్తు సరిచేయించుకోండి, పెడల్ అడుక్కి వెళ్లినప్పుడు మోకాలు కాస్త వంగి ఉండాలి.