డాబా మీద మనం, కింద బీరువాలో బంగారం

ప్రశ్న: మాది ఖమ్మం. సొంత ఇల్లు, ఒక్క అంతస్తే, డాబా మీదికి మెట్లు బయట వైపు నుంచి ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రిళ్ళు ఇంట్లో పడుకోలేం, అందరం పైకి ఎక్కేస్తాం. పోయిన వారం మా వెనక వీధిలో ఇలాగే ఇంటిల్లిపాదీ పైన పడుకుని ఉండగా కింద తాళం పగలగొట్టి బీరువా ఊడ్చేశారు, పైనున్న వాళ్ళకు చప్పుడే వినపడలేదట. నాదీ మా కోడలిదీ కలిపి 20 తులాల దాకా ఉంది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. లాకరు తీసుకుందామంటే మా వారు "అందులో పోతే బ్యాంకు పైసా ఇవ్వదు" అంటారు. మా అత్తగారేమో బియ్యం డ్రమ్ములో దాచేయమంటారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, లాకరు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఈ రాత్రి సంగతి చూడండి.

డాబా మీద పడుకునేవాళ్ళు చాలామంది వీధి గుమ్మానికి బయట తాళం కప్ప వేసి, చెవి దిండు కింద పెట్టుకుని పడుకుంటారు. వీధిలో నడిచే ప్రతివాడికీ ఆ కప్ప కనపడుతుంది, లోపల మనిషి లేడని అదే చెప్పేస్తుంది. పైగా కప్ప ఎంత గట్టిదైనా అది వేలాడేది గొళ్ళేనికి, గొళ్ళెం నిలబడేది నాలుగు చిన్న స్క్రూల మీద. ఇనుప రాడ్డు దూర్చి ఒక్కసారి ఎత్తితే స్క్రూలు చెక్కలోంచి ఊడి వచ్చేస్తాయి, కప్ప మాత్రం వేసింది వేసినట్టే ఉంటుంది. అందుకని రేపే వడ్రంగిని పిలిచి గొళ్ళేనికి స్క్రూలు తీసేయించి తలుపుకు అవతలి దాకా పోయే బోల్టులు వేయించండి, నట్టు లోపలి వైపు బిగించాలి. వీలైతే బయటికి కప్ప కనపడని ఇంటర్‌లాక్ తాళం పెట్టించుకోండి. మీ ఇంట్లో ఇంతమంది ఉన్నారు కదా, రోజుకొకరు చొప్పున వంతులేసుకుని ఒకరు కిందే పడుకుంటే ఇంకా మంచిది, అప్పుడు తలుపులన్నీ లోపలినుంచి గడియ పెట్టుకోవచ్చు. అందరం పైనే ఉంటామంటే మాత్రం ఆ 20 తులాలు కింద ఉండకూడదు, ఈ ఒక్కదాంట్లో నేను రాజీ పడలేను.

పెరటి తలుపు చూశారా? వీధి గుమ్మానికి టేకు తలుపు వేయించి, దొడ్డి వైపు పల్చటి రేకు తలుపుతో సరిపెట్టే ఇళ్ళే ఎక్కువ. దొంగ వచ్చేది అటునుంచే, అటువైపు చీకటి, అటువైపు ఎవరూ నడవరు. రెండు గడియలు, పైనొకటి కిందొకటి, లోపలినుంచి. మెట్ల దగ్గరా పెరట్లోనూ రాత్రంతా ఒక 9 వాట్ల బల్బు వెలగనివ్వండి, ఒక్కో బల్బుకు నెలకు మూడు యూనిట్లు కూడా కాలదు. ఇన్వర్టర్ ఉంటే ఆ రెండు బల్బులనూ దానికి కలపండి, కరెంటు పోయిన అరగంట కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు ఉంటారు.

కింద ఎవరైనా కూలర్ వేసుకుని పడుకుంటే అది ఇంకో సంగతి. కూలర్‌ను కిటికీ బయట నిలబెట్టి ఆ రెక్కలు తెరిచే ఉంచుతాం, దాని మోతలో పక్క గదిలో గొళ్ళెం ఊడదీసినా వినపడదు. కిటికీకి ఇనుప గ్రిల్లు ఉండాలి, కూలర్ స్టాండును గోడకు బిగించాలి. కూలర్‌ను పక్కకు జరిపితే మనిషి దూరేంత సందు వచ్చేలా ఉండకూడదు.

ఇక ఒంటి మీది బంగారం. డాబా మీద పడుకునేటప్పుడు గొలుసులు, నల్లపూసలు, పిల్లల మొలతాళ్ళు తీసేయండి. పుస్తెలు తీయమని నేను చెప్పలేను, ఆ రెండు నెలలూ పసుపుతాడుకు కట్టుకుని మెడలో వేసుకోవచ్చు, మన పెద్దవాళ్ళు చేసిన పనే అది. నిద్రలో మెడలోంచి గొలుసు లాగితే పోయేది గొలుసొక్కటే కాదు, మెడ కూడా కోసుకుపోతుంది.

బీరువా గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మన ఇళ్ళలో ఉండే స్టీలు బీరువా బట్టలు పెట్టుకోవడానికి పుట్టింది, లోపలున్న చిన్న లాకరు కూడా రేకే. పెద్ద స్క్రూడ్రైవర్ చాలు. అసలు చాలా దొంగతనాల్లో అంత కష్టం కూడా పడరు, చెవి బీరువా మీది పెట్టె కిందో, దిండు గలేబులోనో, దేవుడి పటం వెనకో దొరుకుతుంది. గదిలోకి రాగానే వెతికేవి ఆ చోట్లే. చెవి ఆ గదిలో ఉండనే కూడదు. అది ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి తప్ప తెలియకూడదు, అప్పుడు రేపు ఏదన్నా కనపడకపోతే పాపం పనిమనిషిని అనుమానించే అన్యాయమూ జరగదు.

మీ అత్తగారు చెప్పిన బియ్యం డ్రమ్ము కూడా దొంగలకు తెలిసిన చోటే, పప్పు డబ్బాలతో సహా నేల మీద గుమ్మరించి వెళ్ళిన ఇళ్ళు ఉన్నాయి. దాచిపెట్టడంలో ఇంకో ప్రమాదం ఉంది, దాచిన మనిషి మర్చిపోవడం, లేదా ఇంకొకరికి తెలియక పాత బట్టలతో పాటు ఆ మూటను స్టీలు సామాన్లవాడికి వేసేయడం. పాత సూట్‌కేసు తుక్కుకు వేసి, అందులో నగలున్నాయని రాత్రికి గుర్తొచ్చి ఊరంతా పరిగెత్తిన కుటుంబాన్ని నేను దగ్గరగా చూశాను. రోజూ వేసుకునే రెండు మూడు తులాలు ఇంట్లో ఉంచుకోవాలంటే గోడకు బిగించే చిన్న సేఫ్ కొనండి. కొన్నాక తప్పకుండా లోపలినుంచి యాంకర్ బోల్టులతో గోడకో నేలకో బిగించండి, బిగించని సేఫ్‌ను దొంగ సంచిలా ఎత్తుకుపోతాడు. దానితో వచ్చే అత్యవసర తాళంచెవిని ఆ సేఫ్ మీదే పెట్టకండి.

మిగతాదంతా లాకరుకే. మీ వారు అన్నది ఒకప్పుడు చాలావరకు నిజం. కానీ రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో కొత్త నిబంధనలు ఇచ్చింది, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం బ్యాంకులో దొంగతనం, అగ్నిప్రమాదం, భవనం కూలిపోవడం, బ్యాంకు ఉద్యోగుల మోసం లాంటివి జరిగి లాకరులోది పోతే, లాకరు వార్షిక అద్దెకు 100 రెట్ల దాకా బ్యాంకు బాధ్యత వహించాలి. అద్దె ఏడాదికి రూ.2,000 అనుకుంటే రూ.2 లక్షలు. మీ 20 తులాల విలువ దానికి ఎన్నో రెట్లు, కాబట్టి పూర్తి భరోసా అని నేను అనను, వరద, భూకంపం లాంటివి వస్తే, బ్యాంకు నిర్లక్ష్యం లేకపోతే, అదీ రాదు. కానీ మీ ఇంట్లో పోతే ఎవరిస్తారు? రేకు బీరువాతో పోల్చుకుంటే బ్యాంకు స్ట్రాంగ్ రూమ్‌లోంచి పోవడం చాలా అరుదు. లాకరు ఖాళీ లేదంటే ఊరికే వెనక్కి రాకండి, దరఖాస్తు ఇచ్చి వెయిటింగ్ లిస్టు నంబరు అడగండి, అది ఇవ్వాలని అవే నిబంధనల్లో ఉంది. మీ పేరూ మీ కోడలి పేరూ కలిపి తీసుకుని నామినీ రాయించండి. ఎవరు తెరిచినా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, అందుకని ఇచ్చిన నంబరు వాడుకలో ఉన్నదై ఉండాలి. నోట్ల కట్టలు మాత్రం అందులో పెట్టకూడదు, ఒప్పందం ఒప్పుకోదు.

ఒక్క జాగ్రత్త. పెళ్ళికో పండక్కో నగలు తెచ్చుకున్నాక, అలసటతో వారం పది రోజులు బీరువాలోనే ఉండిపోతాయి. కోడలు నగలన్నీ పెట్టుకుని దిగిన ఫొటో స్టేటస్‌లో ఉంటుంది, నగలు ఇంట్లోనే ఉంటాయి. పెళ్ళి అయిన మర్నాడు బ్యాంకు తెరిచి ఉంటే ఆ మర్నాడే వెళ్ళండి.

ప్రశ్న: మంగళగిరి దగ్గర అపార్ట్‌మెంట్‌లో గ్రౌండ్ ఫ్లోర్. మా ఆయనకు నైట్ డ్యూటీలు, నేనూ ఇద్దరు చిన్నపిల్లలూ ఉంటాం. కిటికీ దగ్గర ఛార్జింగ్ పెట్టిన ఫోన్ ఒకసారి పోయింది. చెడ్డీ గ్యాంగ్ మాట వింటేనే ఒళ్ళు వణుకుతుంది. రాత్రి మెలకువ వచ్చి ఇంట్లో దొంగ ఉన్నాడని తెలిస్తే ఏం చేయాలి? మా అక్క కారప్పొడి పక్కన పెట్టుకోమంది.

జవాబు: కారప్పొడి వద్దు తల్లీ. చీకట్లో, ఫ్యాన్ తిరుగుతున్న గదిలో చల్లితే అది ముందు మీ పిల్లల కళ్ళల్లో పడుతుంది. మీరు ఎదురు వెళ్ళకూడదు, ఇదొక్కటి గట్టిగా మనసులో పెట్టుకోండి. 2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి చుట్టుపక్కల తిరిగిన ఆ ముఠా గుర్తుండే ఉంటుంది, అలాంటివాళ్ళు ఒక్కరు రారు, గుంపుగా వస్తారు, చేతుల్లో రాడ్లు ఉంటాయి.

ముగ్గురూ ఒకే గదిలో పడుకోండి. ఆ గది తలుపుకు లోపలినుంచి గట్టి గడియ రెండు చోట్ల వేయించండి, ఇంటి తలుపు కన్నా ఈ తలుపు ముఖ్యం. ఫోన్ ఛార్జింగ్ గదిలోపలే, కిటికీకి దూరంగా. హాల్లో చప్పుడైతే తలుపు తీసి చూడొద్దు, గడియ పెట్టి ఉందో లేదో చూసుకుని 112కు ఫోన్ చేసి మొదటి మాటే అడ్రసు చెప్పండి, అపార్ట్‌మెంట్ పేరు, ఫ్లాట్ నంబరు, గుర్తు. కాల్ మధ్యలో తెగిపోయినా అడ్రసు వాళ్ళకు చేరి ఉంటుంది. ఆ తర్వాత లైటు వేసి కిటికీలోంచి "దొంగ, దొంగ" అని అరవండి, దొంగకు కావలసింది నిశ్శబ్దం. పై ఫ్లాటు వాళ్ళకు ఇప్పుడే చెప్పి ఉంచండి, నా నుంచి రాత్రి మిస్డ్ కాల్ వస్తే లైట్లు వేయండి అని. ఒకవేళ గదిలోకే వచ్చేస్తే, అడిగింది ఇచ్చేయండి, ముఖంలోకి తేరిపార చూడకండి, పిల్లల్ని దగ్గరికి తీసుకోండి.

పోయిన ఫోన్ గురించి: కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ఇచ్చి బ్లాక్ చేయించవచ్చు. దాంట్లో యూపీఐ ఉండి డబ్బు కూడా పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

ప్రశ్న: నేను కువైట్‌లో పని చేస్తాను, సొంతూరు రాజంపేట దగ్గర పల్లె. ఇంట్లో అమ్మ ఒక్కతే. కెమెరాలు పెట్టించాను, ఇంటికి ఇన్సూరెన్స్ కూడా ఉంది. ఇంకేమన్నా చేయాలా?

జవాబు: ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి తీసి చదవండి. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ ఇస్తున్న 'భారత్ గృహ రక్ష' పాలసీ అయితే, అది ప్రధానంగా అగ్నిప్రమాదం, తుపాను, వరద లాంటి వాటికి. దాంట్లో దొంగతనానికి పరిహారం, అలాంటి ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు దాని కారణంగా జరిగితేనే. మామూలు రాత్రి తాళం పగలగొట్టి పట్టుకుపోతే రాదు. దొంగతనానికి విడిగా బర్గ్లరీ కవర్, నగలకు విలువ కట్టించి అదనపు కవర్ తీసుకోవాలి. చాలామందికి ఈ సంగతి పోయాకే తెలుస్తోంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కెమెరాల విషయంలో, రికార్డు చేసే పెట్టె టీవీ కింద ఉంటే దాన్నీ పట్టుకుపోతారు. దాన్ని తాళం ఉన్న అల్మారాలోకి మార్పించి, ఫోన్‌కు అలర్ట్ వచ్చేలా పెట్టుకోండి, రూటర్‌కు బ్యాటరీ బ్యాకప్ కూడా. అయితే కువైట్‌లో మీకు అలర్ట్ వచ్చి ఏం లాభం, మీరు పరిగెత్తలేరు కదా. పక్కింటివాళ్ళ ఫోన్‌కు కూడా వచ్చేలా చేయండి, పోలీస్ స్టేషన్ నంబరు మీ ఫోన్‌లో ఉంచుకోండి, 112 మీరక్కడినుంచి చేస్తే ఇక్కడికి రాదు.

నగలన్నిటినీ ఒక్కొక్కటిగా ఫొటో తీయించండి, బిల్లులతో కలిపి మీ దగ్గర ఉంచుకోండి. 2023 ఏప్రిల్ తర్వాత కొన్న హాల్‌మార్క్ నగ మీద ఆ ఒక్క నగకే ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే గుర్తింపు కోడ్, హెచ్‌యూఐడీ ఉంటుంది, ఫొటోలో అది కనపడాలి. దొంగ దొరికి సొత్తు పట్టుబడినప్పుడు ఫలానా గొలుసు మా అమ్మదే అని చూపించడానికి మీకు దొరికే ఆధారం అదే. అమ్మ కడపకో తిరుపతికో నాలుగు రోజులు వెళ్ళేటప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా పెట్టే పద్ధతి ఎల్‌హెచ్‌ఎంఎస్ మీ స్టేషన్ పరిధిలో నడుస్తోందేమో కనుక్కోండి, ముందుగా చెప్తే తాళం వేసిన ఇంట్లో వాళ్ళే కెమెరా పెడతారు, దానికి డబ్బు తీసుకోరు.

దొంగతనమే జరిగితే అమ్మను ఏదీ సర్దొద్దనండి. చెల్లాచెదురుగా పడిన బట్టలు చూడగానే చేతులు ఆగవు, కానీ బీరువా హ్యాండిల్ మీద వేలిముద్రలు క్లూస్ టీమ్ వచ్చేదాకా అలాగే ఉండాలి. ఫిర్యాదు మీరు అక్కడినుంచి ఆన్‌లైన్‌లో కూడా పంపవచ్చు, అయితే 3 రోజుల్లో సంతకం కావాలి, అందుకని అమ్మ పేరు మీద స్టేషన్‌లో ఇవ్వడమే సుఖం. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అది చేతికి తీసుకునే ఇంటికి రమ్మనండి.