చలికాలంలో హీటర్ వేసేలోపు ఇంటికి ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) చేయించాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు గాలి సందులు మూయాలి, ఆ తర్వాతే ఇన్సులేషన్. చాలామంది ఈ వరుసను తిరగేస్తారు. గ్లాస్ వూల్ లాంటి పీచు పదార్థాలు తమలో కదలకుండా నిలిచిన గాలి వల్లే వేడిని ఆపుతాయి. వాటి గుండా గాలి పారిందంటే ఆ గుణం చాలావరకు పోయినట్టే.

సందులు వెతకడానికి ఖరీదైన పరికరాలు తప్పనిసరి కాదు. గాలి వీచే రోజున తలుపులు, కిటికీలు మూసి, వెలిగించిన అగరుబత్తిని కిటికీ చట్రం అంచున, పైపులు గోడలోకి దూరే చోట, అటక తలుపు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. పొగ నిటారుగా లేవకుండా పక్కకు వంగితే అక్కడ సందు ఉంది. (కర్టెన్లకు మాత్రం దూరంగా!)

డబ్బు పరిమితమైతే మొదట కప్పు కింది అటక చూడండి. వెచ్చని గాలి పైకే చేరుతుంది, పైగా అక్కడ గోడలు పగలగొట్టే పని ఉండదు. అయితే కప్పు కారుతుంటే ముందు అది బాగుచేయించాలి. తడిసిన ఇన్సులేషన్ వేడిని సరిగా ఆపదు, బూజును మాత్రం పెంచుతుంది. చూరు దగ్గర గాలి ఆడేందుకు వదిలిన రంధ్రాలను కప్పేయకండి.

వేసవి చివర్లోనే పనివాళ్లను కుదుర్చుకోండి. చలి ముదిరాక వాళ్లు దొరకడం కష్టం. సందులు పూడ్చే చాలా రకాల సీలెంట్లు, ఫోమ్ చల్లని ఉపరితలాలకు సరిగా అతుక్కోవు కూడా.

ఇంట్లో గ్యాస్ లేదా కట్టెల హీటర్ ఉంటే, సందులు మూశాక దాని పొగ సవ్యంగా బయటికి పోతోందో లేదో నిపుణుడితో తనిఖీ చేయించి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం పెట్టించండి.