ఆల్టర్నేటర్ మార్చే ముందు

ఒరేయ్ అల్లుడూ,

మీ అమ్మ ఫోన్ చేసింది. పొద్దున్నే బండి సెల్ఫ్ తీసుకోవట్లేదట, మెకానిక్ చూసి ఆల్టర్నేటర్ (ఇంజిన్ బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసేది) పోయింది, మార్చాలన్నాడట, నువ్వేమో డబ్బు కోసం తిరుగుతున్నావట. మామిడి సీజన్‌లో బండి ఆగితే ఎంత టెన్షనో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు నేనూ లోడ్లు తోలినవాణ్ణే. డబ్బు తీసే ముందు ఇది చదువు. ఫోన్లో చెబితే సగం విని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

ఛార్జింగ్ రానంత మాత్రాన ఆల్టర్నేటర్ పోయిందనుకోకు. బెల్టు జారినా, బ్యాటరీ టెర్మినల్ వదులైనా, ఎర్త్ (కరెంటు బండి ఇనుము మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి) అందకపోయినా, బ్యాటరీయే ముసలిదైపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. చేతి చమురు వదిలాకే నాకూ తెలిసింది. ఒకసారి కైకలూరు నుంచి చేపల లోడ్‌తో వస్తున్నా. ఏలూరు ఇంకా చేరలేదు, హెడ్‌లైట్లు కిరసనాయిలు బుడ్డిలా ఎర్రబడ్డాయి. ముందు పోతున్న లారీ వెలుగులో ఎలాగో ఊళ్ళో పడ్డా. మర్నాడు కొత్త ఆల్టర్నేటర్ వేయించా. నాలుగు రోజులకి మళ్ళీ అదే కథ. చివరికి బెజవాడ ఆటోనగర్‌లో ఒక ముసలి ఎలక్ట్రీషియన్ బండి కిందకి దూరి, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి పోయే ఎర్త్ పట్టీని వేలితో కదిపి చూపించాడు. బోల్టు కింద తుప్పు. పట్టీలో సగం పోగులు తెగి, మిగతావి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. తుప్పు గీకి కొత్త పట్టీ బిగించాడు, అంతే. నేను కొన్న ఆల్టర్నేటర్ దండగ.

అందుకని ముందు ఒక డిజిటల్ మల్టీమీటర్ కొనుక్కో, రూ. 500 లోపే వస్తుంది. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్న ఇంజిన్ వేయకముందు బ్యాటరీ మీద పెట్టు. 12.6 వోల్టుల దగ్గరుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. ఇంజిన్ వేసి కొంచెం రేజ్ చేస్తే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. లైట్లు వేసినా 13.5కి తగ్గకుండా నిలబడితే ఆల్టర్నేటర్ జోలికి పోకు. ఇంజిన్ నడుస్తున్నా 12 దగ్గరే ఉండి ఇంకా దిగుతోందంటే ఛార్జింగ్ లేదు. 15 దాటిందా, వోల్టేజ్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ నీళ్ళు ఊరికే ఇంకిపోతాయి.

ఇంజిన్ నడుస్తుండగానే, లైట్లు వేసి, మీటర్ పిన్ను ఒకటి ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించిన బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద పెట్టు. 0.3 వోల్టు లోపు చూపాలి. తర్వాత ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కూడా అలాగే చూడు. ఎక్కువ చూపించిన వైపు వైరో, టెర్మినలో, ఎర్త్ పట్టీయో పట్టించుకోవాలి. టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకుంటే వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక బిగించి, పైన కాస్త వ్యాసలిన్ రాయి.

నీది పొద్దున పూటే వచ్చే బాధ కాబట్టి ఇంకోటి చెయ్యి. తెల్లారి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ మీద చెయ్యి పెట్టు. అదొక్కటే గోరువెచ్చగా తగిలిందంటే లోపల కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ పోయి, రాత్రంతా బ్యాటరీని తాగేస్తోందన్నమాట. అప్పుడు నీ మెకానిక్ చెప్పింది నిజమే.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "ఆగిపోతే ఆల్టర్నేటర్ పోయినట్టు" అని చూసేవాళ్ళున్నారు. అది డైనమోల కాలం నాటి అలవాటు. అలా పీకితే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి బాగున్న డయోడ్లూ రెగ్యులేటరూ మాడతాయి. కొత్త బళ్ళలో అయితే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూకే ఎసరు. ఎవడైనా అలా చెయ్యబోతే బండి తీసుకుని వచ్చెయ్.

నీది పాత డీఐ బొలేరో, అందులో ఆల్టర్నేటర్ వెనకే వ్యాక్యూమ్ పంపు ఉంటుంది. బ్రేక్ తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌కి వ్యాక్యూమ్ (గాలి లాగే బలం) ఇచ్చేది అదే. బెల్టు తెగితే ఛార్జింగ్‌తో పాటు బ్రేకూ గట్టిపడిపోతుంది, ఫుల్ లోడ్‌తో ఉన్నప్పుడు అది చాలా ప్రమాదం. దార్లో బ్యాటరీ లైటు వెలిగితే ఇంటిదాకా లాగుదామనుకోకు. పక్కకి ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఉందో లేదో చూసుకో. ఆ పంపుకి ఇంజిన్ ఆయిల్ వస్తుంది. దాని సీల్ కారితే ఆయిల్ ఆల్టర్నేటర్‌లోకి దిగి లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల్ని తినేస్తుంది. వెనకవైపు జిడ్డుగా ఉంటే ముందు సీల్ మార్పించు. లేకపోతే కొత్తదానికీ అదే గతి.

బ్రష్‌లు, బేరింగ్, రెగ్యులేటర్ వరకైతే రిపేరు చేయించుకో, చవకలో పోతుంది. లోపలి రాగి తీగ చుట్ట, అదే వైండింగ్, నల్లబడి కాలిన వాసన వస్తుంటే మాత్రం మార్చెయ్. రీవైండింగ్ చేస్తామని ఆశపెడతారు, రోజూ తిరిగే బండికి నేనైతే వద్దంటా.

మార్చడం కష్టమేం కాదు. మొదట బ్యాటరీ మైనస్ తియ్యి. ఏ వైరు ఎక్కడుందో, బెల్టు ఎలా తిరిగిందో ఫోన్లో ఫోటో తీసుకో. అడ్జస్టర్ బోల్టు, కింది బోల్టు వదులు చేసి బెల్టు తీసి, వైర్లు, ఆయిల్ పైపులు, వ్యాక్యూమ్ పైపు విప్పితే చేతికొస్తుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పుల్లీ సైజు, గాడి, సాకెట్టు, ఆంపియర్లు చూసుకున్నాకే కొట్టువాడికి డబ్బివ్వు. ఆయిల్ పైపు దగ్గర రాగి వాషర్లు కొత్తవి వెయ్యి, బిగించే ముందు పంపులో కాస్త ఇంజిన్ ఆయిల్ పొయ్యి. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే ఓ సెంటీమీటరు దిగాలి. మరీ బిగిస్తే బేరింగ్ గోల పెడుతుంది. కొత్త బెల్టయితే నాలుగు ట్రిప్పులయ్యాక మళ్ళీ చూడు, సాగుతుంది. బ్యాటరీ మైనస్ ఆఖరున బిగించు. బ్యాటరీ బాగా దిగి ఉంటే బయట ఛార్జ్ చేయించి తెచ్చుకో. చచ్చిన బ్యాటరీని నింపమని కొత్త ఆల్టర్నేటర్ మీద వదిలితే అది కాగి కాగి పోతుంది.

వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గొట్టం నేరుగా ఆల్టర్నేటర్ మీదకి కొట్టనివ్వకు, పాలిథిన్ కవర్ చుట్టించు. ముందు బంపర్‌కి ఆ ఎల్‌ఈడీ దండ ఒకటి కట్టావని మీ అత్త చెప్పింది. దాని కరెంటు కూడా ఇందులోంచే రావాలి మరి.

ఎల్లుండి నూజివీడు లోడ్‌కి పోయేలోపు మీటర్ పెట్టి, ఇంజిన్ వేయకముందు ఎంత, వేశాక ఎంత, రెండూ కాగితం మీద రాసి నాకు ఫోన్ చెయ్యి. మార్చాల్సే వస్తే పాతది కొట్టులో వదిలేసి రాకు. అందులో రాగి ఉంది, పుల్లీ కూడా పనికొస్తుంది. ఇంటికి పట్రా, విప్పి చూద్దాం.

మీ మామయ్య