మొదటి జీతం రాకముందే రెండు ఈఎంఐలా?

రామంతాపూర్ నుంచి 23 ఏళ్ల అబ్బాయి రాశారు. ఉప్పల్‌లో కొత్తగా తెరిచిన కాల్ సెంటర్‌లో ఉద్యోగం వచ్చింది, చేతికి 18,000, ఇన్సెంటివ్ ఇంకో 4,000 రావచ్చట. ఇంట్లో 8,000 ఇచ్చి, తన ఖర్చు 4,000 పోగా, 3,800 ఈఎంఐతో బైక్, ఫోన్‌కీ ఫ్రిజ్‌కీ లోన్ యాప్‌లో 60,000 తీసుకుంటే (12 నెలలు, నెలకు 6,000) ఇబ్బంది ఉంటుందా అని అడుగుతున్నారు.

ఉంటుంది. మీ దగ్గర మిగిలేది 6,000, కట్టాల్సింది 9,800. ఇన్సెంటివ్ ప్రతి నెలా పూర్తిగా వస్తేనే ఈ లెక్క కుదురుతుంది, కానీ క్వాలిటీ స్కోర్ కాస్త తగ్గినా, జ్వరమొచ్చి రెండు రోజులు సెలవు పెట్టినా ముందు కోత పడేది దానికే. మన ఊళ్లో కొత్త సెంటర్ తెరిస్తే వందల మంది పిల్లలకు పని దొరుకుతుంది, నిజంగా సంతోషమే. కానీ ఆ పని క్లయింట్ (సెంటర్‌కు పని ఇచ్చే కంపెనీ) కాంట్రాక్టు మీద నిలబడి ఉంటుంది, క్లయింట్ వెళ్లిపోతే ఆ పని చేసే విభాగాన్నే మూసేస్తారు, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లనే ముందు పంపిస్తారు. ఈఎంఐ మాత్రం ఆగదు.

అందుకే మొదటి ఆరు నెలలు ఆ 6,000 వేరే బ్యాంకు ఖాతాలో వేయండి, దానికి యూపీఐ లింక్ చేయకండి. 36,000 అవుతుంది, అంటే మీ మూడు నెలల ఖర్చు. ఉద్యోగం పోయినా ఇంట్లో అన్నం ఆగదు, ఎవరినీ చేయి చాచి అడగక్కర్లేదు. ఇన్సెంటివ్ వచ్చిన నెల అదీ అందులోకే. ఇది పూర్తయ్యేదాకా సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) ఊసు కూడా వద్దు.

బైక్ ఎందుకో నాకు అర్థం కాలేదు. నైట్ షిఫ్ట్ అంటున్నారు, కంపెనీ క్యాబ్ ఇస్తుందేమో ముందు అడగండి. షోరూమ్‌లో చెప్పే 12 శాతం ఫ్లాట్ వడ్డీ (అప్పు తీరుతున్నా మొదటి అసలు మొత్తం మీదే వేసేది) మూడేళ్ల లోన్‌కు నిజంగా దాదాపు 21 శాతం పడుతుంది.

గ్రాస్ జీతం (కోతలకు ముందు జీతం) 21,000 లోపే ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తించాలి, ఆ నంబర్ అడిగి తీసుకుని, అమ్మానాన్నలు మీ మీద ఆధారపడి ఉంటే వాళ్ల పేర్లు చేర్పించండి.

ఇక ఆ లోన్ యాప్: మీరు చెప్పిన 6,000 లెక్కన వడ్డీ నెలకు దాదాపు 3 శాతం, అంటే ఏడాదికి 36, పైగా ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటారు. డబ్బు ఇంకా పడకపోతే ఈరోజే వద్దని చెప్పేయండి. పడి ఉంటే ఒప్పందంలో కూలింగ్ ఆఫ్ గడువు (లోన్ వద్దనుకుని వెనక్కి ఇచ్చేసే గడువు) ఎన్ని రోజులో చూడండి, ఆలోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు.